ఇంట్లో సినిమాల నిల్వ, కుదింపు

నచ్చిన సినిమాలను డిస్కులుగానో ఫైళ్లుగానో ఇంట్లో కూడబెట్టుకునే అలవాటు తెలుగునాట వీడియో క్యాసెట్ల కాలం నుంచీ ఉంది. 1080పి, 4కె చిత్రాలు వచ్చాక దానికి రెండు చిక్కులు తోడయ్యాయి. ఒకటి జాగా సరిపోకపోవడం, రెండోది ఆ జాగా కోసం చేసే కుదింపులో బొమ్మ పాడవడం. ఫైలు ఎంత చిన్నదైతే అంత లాభమన్న అభిప్రాయం జనంలో గట్టిగా ఉంది గానీ అది అన్ని సినిమాలకూ చెల్లదు. రేపు మళ్లీ దొరికే సినిమాను ఎంత కుదించుకున్నా ఫరవాలేదు. మళ్లీ దొరకదనుకున్నదాన్ని మాత్రం చేతికొచ్చిన రూపంలోనే ఉంచాలి. ఈ తేడా పట్టించుకోకుండా అన్నిటినీ ఒకే కొలతకు కుదించడమే ఇంటి సేకరణల్లో జరిగే పెద్ద నష్టం.

ఉదాహరణకు గార్లను తీసుకోండి. అది మహబూబాబాద్ జిల్లాలో మండల కేంద్రం. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడే దాకా ఖమ్మం జిల్లాలో ఉండేది. కాజీపేట–విజయవాడ రైలు మార్గంలో డోర్నకల్ జంక్షన్‌కు దగ్గర్లో, లంబాడా తండాల నడుమ ఉంటుంది. ఇలాంటి ఊళ్లలో ఇంటి సేకరణ అంటే గోడకు తెర కట్టిన హోమ్ థియేటర్ కాదు. టీవీ వెనక గుచ్చిన పెన్‌డ్రైవ్, బీరువా పైఅరలో వీసీడీల కట్ట, పెళ్లి క్యాసెట్టు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు తెచ్చిన హార్డ్ డిస్కు, అంతే. ఆ కాస్త సరంజామాకూ, అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్లు గ్యారేజీలో పెట్టుకునే సర్వర్‌కూ లెక్కలు మాత్రం ఒకటే.

రీళ్ల నుంచి చిప్పు దాకా

35 ఎంఎం ఫిల్మ్ నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. మూడు గంటల సినిమా అంటే 16,200 అడుగులు, దాదాపు ఐదు కిలోమీటర్లు. అంత ఫిల్మును రీళ్లుగా చుట్టి, రేకు డబ్బాల్లో సర్ది, బస్సులోనో రైల్లోనో ఊరూరికీ పంపేవారు. ఇంట్లో పెట్టుకునే వస్తువు కాదది. వీడియో క్యాసెట్టుతో సినిమా మొదటిసారి ఇంటి గడప తొక్కింది. అప్పుడు కూడా చాలామందికి అది సొంతం కాలేదు. పండక్కో పెళ్లికో కలర్ టీవీ, వీసీఆర్ అద్దెకు తెచ్చి, తెల్లారేదాకా మూడు నాలుగు సినిమాలు వేసి, పొద్దున్నే తిరిగి అప్పజెప్పేవారు.

సొంతం అనిపించుకున్నది వీసీడీ. 1993లో ప్రమాణంగా స్థిరపడిన ఈ పద్ధతిలో బొమ్మ 352 అడ్డం, 288 నిలువు చుక్కలు (పిక్సెళ్లు). వీడియోకు సెకనుకు 1,150 కిలోబిట్లు. ఒక డిస్కులో 74 నిమిషాలు పడుతుంది. హాలీవుడ్ చిత్రానికి రెండు డిస్కులు చాలు. మన సినిమా నిడివికి తరచూ మూడు కావలసి వచ్చేవి. రెండో డిస్కు మీద గీత పడి సరిగ్గా పాట మధ్యలో బొమ్మ చదరాలు చదరాలుగా విరిగిపోవడం ఆ తరానికి బాగా తెలిసిన అనుభవం. కుదింపు వల్ల బొమ్మ ఎలా చెడుతుందో జనం కళ్లారా చూసింది అక్కడే.

డీవీడీలో చుక్కలు 720, 576కు పెరిగాయి. ఒక పొరలో 4.7 గిగాబైట్లు, రెండు పొరల్లో 8.5 గిగాబైట్లు పట్టాయి. అయినా ధర వల్ల పల్లెల్లో వీసీడీదే రాజ్యం. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మకానికి పెట్టి ఆ తేడాను దాదాపు చెరిపేసింది. దొంగ డిస్కు ధరకే అసలు డిస్కు దొరకడం మన దగ్గర అదే మొదలు. ఆ సంస్థ 2018లో దివాలా పరిష్కారం కుదరక మూతపడింది. దాని డిస్కులు మాత్రం ఇంకా బీరువాల్లో ఉన్నాయి, వాటిని తిప్పే ప్లేయర్లే కరువయ్యాయి.

ఆ తర్వాతి మజిలీ సెల్‌ఫోన్ దుకాణం. మెమరీ కార్డును మండల కేంద్రాల్లో చాలామంది చిప్పు అంటారు. దుకాణంలో ఇచ్చి "కొత్త సినిమాలు ఎక్కించన్నా" అంటే చాలు, రెండు గిగాబైట్ల చిప్పులో ఐదారు సినిమాలు ఎక్కేవి. మూడు గంటల సినిమాను మూడు నాలుగు వందల మెగాబైట్లకు కుదిస్తేగాని అది కుదరదు. అరచేతి తెర మీద ఆ బొమ్మ బాగానే కనిపించేది. అదే ఫైలును ఇవాళ 43 అంగుళాల టీవీలో పెడితే ముఖాలు మైనం ముద్దల్లా ఉంటాయి. చిన్న తెర కోసం కుదించినదాన్ని పెద్ద తెర క్షమించదు. ఇలాంటి ఫైళ్లను కృత్రిమ మేధతో బాగుచేస్తామనే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి గానీ, అవి పోయిన వివరాన్ని తిరిగి తేవు, ఉండి ఉండవచ్చనుకున్నదాన్ని కొత్తగా గీస్తాయి.

అసలు లెక్క

2022 మార్చి 25న విడుదలైన ఆర్ఆర్ఆర్ నిడివి 182 నిమిషాలు, అంటే 10,920 సెకన్లు. 4కె బొమ్మలో 3,840 అడ్డం, 2,160 నిలువు చుక్కలు. ఇళ్లకు చేరే వీడియోలో వెలుగు విలువ ప్రతి చుక్కకూ ఉంటుంది, రంగు విలువలు మాత్రం నాలుగు చుక్కలకు ఒక జత చొప్పున ఉంటాయి. మన కన్ను వెలుగులో తేడాను పట్టినంత చురుగ్గా రంగులో తేడాను పట్టలేదు కాబట్టి ఈ పొదుపు అసలు కుదింపు మొదలుకాకముందే జరిగిపోతుంది. విలువకు 10 బిట్ల చొప్పున వేస్తే ఒక్క ఫ్రేముకు 155 లక్షల బైట్లు. సెకనుకు 24 ఫ్రేములంటే 373 మెగాబైట్లు. సినిమా మొత్తానికి 4 టెరాబైట్లు దాటుతుంది. శబ్దం ఇంకా కలపలేదు. 1080పిలో 8 బిట్ల చొప్పున లెక్కించినా 815 గిగాబైట్లు.

ఇప్పుడు కుదించాక చూద్దాం. సెకనుకు 60 మెగాబిట్ల సగటున ఉంచితే అదే సినిమా 82 గిగాబైట్లకు వస్తుంది. 4కె బ్లూరే డిస్కుల తాహతు ఆ కోవలోది. 10 మెగాబిట్లకు తగ్గిస్తే 13.65 గిగాబైట్లు, 4 మెగాబిట్లయితే 5.5 గిగాబైట్ల లోపు. మెగాబిట్లను ఎనిమిదితో భాగించి సెకన్లతో గుణిస్తే ఎవరికైనా ఈ లెక్క వస్తుంది. 4 టెరాబైట్ల డిస్కులో మొదటి రకం 48 సినిమాలు పడతాయి, రెండో రకం 293. ఇదే డిస్కును కంప్యూటరుకు తగిలిస్తే నాలుగు టెరాబైట్లు కాస్తా మూడున్నర పైచిలుకుగా కనిపించి కొన్నవాళ్లు దుకాణదారుడి మీద అనుమానపడుతుంటారు. తయారీదారు వెయ్యి లెక్కన, కంప్యూటరు 1,024 లెక్కన కొలవడం తప్ప అందులో మోసమేమీ లేదు.

కుదింపు లోపల

నాలుగు టెరాబైట్లు 82 గిగాబైట్లయ్యాయంటే యాభయ్యో వంతు మాత్రమే మిగిలింది. అయినా కంటికి తేడా దాదాపు తెలియదు. దీనికి మూలమైన గణితం 1974 జనవరిలో ఐఈఈఈ పత్రికలో వెలువడిన ఒక చిన్న వ్యాసంలో ఉంది. డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అనే ఆ పద్ధతిని ప్రకటించినవారు ముగ్గురు: బెంగళూరులో పుట్టిన నసీర్ అహ్మద్, ఆయన శిష్యుడు టి. నటరాజన్, కె.ఆర్. రావు. కె.ఆర్. రావు అసలు పేరు కామిశెట్టి రామమోహన్ రావు. మద్రాసులో 1952లో ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకుని అమెరికా వెళ్లి, 1966 నుంచి ఆర్లింగ్టన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. వీడియో కోడింగ్ మీద ఆయన రాసిన పుస్తకాలు ఆ రంగంలో పాఠ్యగ్రంథాలు. 2021 జనవరిలో కన్నుమూశారు. అహ్మద్ 1972లో ఈ పరిశోధనకు నిధులడిగితే అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇవ్వలేదు. ఆలోచన మరీ తేలిగ్గా ఉందన్నారట. ఆ తేలికపాటి ఆలోచన లేకపోతే ఫోన్లో ఫొటో లేదు, వీసీడీ లేదు, ఓటీటీ లేదు. మన సినిమా పత్రికలు ఒక హీరో మేకప్‌మ్యాన్ గురించి రాసినంతగానైనా రావు గారి గురించి రాయలేదు.

పద్ధతి ఇలా ఉంటుంది. బొమ్మను చిన్న చదరాలుగా కోస్తారు, పాత పద్ధతుల్లో ఒక్కో చదరం 8 చుక్కల అడ్డం, 8 నిలువు. ఆ 64 చుక్కల వెలుగులను మరో 64 అంకెలుగా మారుస్తారు. కొత్త అంకెల్లో మొదటిది చదరం సగటు వెలుగు. తర్వాతివి ఆ చదరంలో వెలుగు ఎంత మెల్లగా, ఎంత వేగంగా మారుతోందో చెబుతాయి. ఆకాశం, గోడ, చెంప లాంటి చోట్ల మొదటి నాలుగైదు అంకెలే పెద్దవి, మిగతావి సున్నాకు దగ్గరగా ఉంటాయి. ఇంతవరకు ఏమీ పోలేదు, లెక్కను వెనక్కి తిప్పితే అసలు బొమ్మ వస్తుంది. తర్వాతి మెట్టులో ప్రతి అంకెనూ ఒక విలువతో భాగించి పూర్ణాంకానికి సర్దుతారు. చిన్న అంకెలన్నీ సున్నాలై రాలిపోయేది అక్కడే. బొమ్మలో నిజంగా పోయేదేదైనా ఆ భాగహారంలోనే పోతుంది, అది తిరిగిరాదు. వీసీడీలో విరిగి కనిపించిన చదరాలు ఇవే.

మిగతా పొదుపంతా ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య. ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటుంటే వెనక గోడ మారదు. కాబట్టి ఒక ఫ్రేమును పూర్తిగా రాసి, తర్వాతివాటిలో ఏ చదరం ఎటు జరిగిందో, ఏం మారిందో మాత్రమే రాస్తారు. ఇళ్లలో బాగా వాడే ఎక్స్264 ఎన్‌కోడర్, అంటే కుదింపు చేసే సాఫ్ట్‌వేర్, మామూలు అమరికలో 250 ఫ్రేములకు, అంటే పది సెకన్లకోసారి కచ్చితంగా పూర్తి ఫ్రేము పెడుతుంది. ఆర్ఆర్ఆర్‌లో రామ్‌చరణ్ పరిచయ సన్నివేశాన్ని తీసుకోండి. స్టేషను చుట్టూ వేలమంది జనం, కర్రలు, దుమ్ము. ఏ చదరమూ పక్క ఫ్రేములోని చదరాన్ని పోలదు, జరగడానికి పద్ధతి లేదు. సంభాషణ సన్నివేశానికి సెకనుకు రెండు మెగాబిట్లు సరిపోయిన చోట ఇక్కడ ఇరవై ముప్పై ఇచ్చినా తినేస్తుంది. ఎన్‌కోడర్‌కు జనం, దుమ్ము, వాన, పూలవాన పడవు. తెలుగు సినిమాకు అవి లేకపోతే గడవదు.

కోడెక్‌లు

కోడెక్ అంటే కుదించి, తిరిగి విప్పే పద్ధతి. వీసీడీలో వాడింది ఎంపెగ్-1, డీవీడీలో ఎంపెగ్-2. 2003లో వచ్చిన హెచ్.264 ఇప్పటికీ అన్ని టీవీల్లో, ఫోన్లలో ఆడే ఏకైక ఉమ్మడి కోడెక్. 2006లో బ్లూరే డిస్కులకు, హెచ్‌డీ చానళ్లకు ఊతమిచ్చింది అదే. 1080పి ఫ్రేమును 16 చుక్కల చదరాలుగా కోస్తే అడ్డానికి 120, నిలువుకు అరవయ్యేడున్నర వస్తాయి. అర చదరం ఉండదు కాబట్టి అడుగున ఎనిమిది వరుసలు దొంగగా కలిపి 1,088గా కోడ్ చేసి, చూపించేటప్పుడు కోసేస్తుంది.

2013లో వచ్చిన హెచ్.265, అంటే హెచ్‌ఈవీసీ, చదరాన్ని 64 చుక్కల దాకా పెంచి, అవసరమైన చోట ముక్కలు చేసుకుంటూ పోతుంది. 4కె ఫ్రేములో అలాంటి పెద్ద చదరాలు రెండు వేల పైచిలుకే. అదే నాణ్యతను హెచ్.264 కంటే దాదాపు సగం జాగాలో ఇస్తుందని చెబుతారు. 4కెలో ఆ మాట చాలావరకు నిజం, పాత డీవీడీ కొలతల్లో అంత లాభం ఉండదు. 2016లో వచ్చిన 4కె బ్లూరే డిస్కులన్నీ దీన్నే వాడతాయి. పేటెంట్ల చికాకు వల్ల గూగుల్, నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ వంటివి కూటమి కట్టి 2018లో రుసుము లేని ఏవీ1ను తెచ్చాయి. కుదింపులో ఇది ఇంకో మెట్టు పైన ఉన్నా, పాత టీవీలు చాలాసార్లు దీన్ని ఆడించలేవు. 2020లో ఖరారైన హెచ్.266 ఇంకా ఇళ్ల దాకా పెద్దగా రాలేదు.

ఇంట్లో ఈ పని చేసుకోవడానికి ఉచితంగా దొరికేవి హ్యాండ్‌బ్రేక్, ఎఫ్ఎఫ్ఎంపెగ్. రెండింట్లోనూ ఫైలు సైజు చెప్పి కుదించమనడం కంటే నాణ్యత అంకె ఇచ్చి సైజును దానికి వదిలేయడం మేలు. సీఆర్ఎఫ్ అనే ఈ అంకె తగ్గేకొద్దీ నాణ్యత, సైజు పెరుగుతాయి. 1080పికి 20 నుంచి 24, 4కెకు 22 నుంచి 28 మధ్య హ్యాండ్‌బ్రేక్ వాళ్లే సూచిస్తారు. గ్రాఫిక్స్ చిప్పుతో చేస్తే గంటల పని నిమిషాల్లో అవుతుంది, అదే నాణ్యతకు ఫైలు కాస్త పెద్దదవుతుంది. ప్రాసెసర్‌తో నెమ్మదిగా చేస్తే ఫైలు చిన్నదవుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. పాత ల్యాప్‌టాప్‌లో ఒక 4కె సినిమాను హెచ్.265లోకి మార్చడానికి ఒక రోజు పట్టినా ఆశ్చర్యం లేదు. ఎండాకాలంలో గార్లలో ఆ పని పెట్టుకునేవాళ్లు రాత్రిపూట పెట్టుకోవడం మంచిది.

దేన్ని కుదించాలి, దేన్ని వదలాలి

నలుపు తెలుపు సినిమాలు చిన్న ఫైళ్లవుతాయని చాలామంది అనుకుంటారు. రంగు లేదు కాబట్టి కొంత కలిసొచ్చేమాట నిజమే గానీ, ఫిల్ము మీద ఉండే వెండి రేణువుల గింజ ఆ లాభాన్ని మింగేస్తుంది. గింజ ప్రతి ఫ్రేములోనూ కొత్తగా పుడుతుంది. నిన్నటి ఫ్రేము నుంచి అప్పు తెచ్చుకోవడం కుదరదు. సీఆర్ఎఫ్ అంకె కాస్త పెంచగానే ఎన్‌కోడర్ మొదట తుడిచేసేది దాన్నే. దానితోపాటు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే వెలుగునీడల్లోని సన్నని అంచులు, పట్టుచీర నేత, జుట్టు పోగులు కూడా పోతాయి. నున్నగా కనిపించడం నాణ్యత అనుకునే టీవీల కాలంలో ఇది మెరుగుదలగా చెలామణి అవుతోంది. ఏవీ1లో గింజను తీసేసి, దాని లక్షణాన్ని మాత్రం రాసిపెట్టి, చూసేటప్పుడు మళ్లీ చల్లే ఏర్పాటుంది. తెలివైన పద్ధతే గానీ, చల్లింది అసలు గింజ కాదు.

1957 మార్చి 27న విడుదలైన మాయాబజార్‌కు హైదరాబాద్‌లోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగులద్ది, శబ్దాన్ని డీటీఎస్‌లోకి మార్చింది. ఆ ప్రతి 2010 జనవరి 30న వచ్చింది. ఆ పని మెచ్చుకోదగిందే. అయితే రంగుల ప్రతి ఒక్కటే ఇంట్లో ఉన్నవాళ్ల దగ్గర 1957 నాటి సినిమా లేదు. సేకరణలో రెండింటినీ వేర్వేరు శీర్షికలుగా, విడుదల సంవత్సరంతో సహా రాసుకోవాలి.

2022 ఆగస్టులో పోకిరి, సెప్టెంబరులో జల్సా ప్రదర్శనలతో ఊపందుకున్న 4కె పునర్విడుదలలు ఇంకో గందరగోళం తెచ్చాయి. ఫిల్ము మీద తీసిన సినిమా నెగటివ్‌ను కొత్తగా స్కాన్ చేస్తే 4కె అన్న మాటకు అర్థముంది. ఇంతకుముందున్న హెచ్‌డీ ప్రతిని సాగదీసినా పోస్టరు మీద అదే మాట వేయవచ్చు. 2000 తర్వాత డిజిటల్‌లో రంగు సరిచేసిన సినిమాలు చాలావరకు 2కెలోనే ముగిశాయి. అలాంటివాటిని 4కె ఫైలుగా పెట్టుకుంటే పెరిగేది జాగా ఒక్కటే. గ్రాఫిక్స్ నిండిన కొత్త సినిమాల్లో కూడా 4కె ప్రతి వల్ల నిజంగా కనిపించే లాభం చుక్కల సంఖ్య కంటే హెచ్‌డీఆర్‌ది, అంటే వెలుగు చీకట్ల విస్తృతిది. చీకటి గదిలో దీపం వెలుగు గోడ మీద పలచబడే దృశ్యాన్ని 8 బిట్లలో కుదిస్తే మెట్లు మెట్లుగా పట్టీలు కనిపిస్తాయి. అదే 10 బిట్లలో మెట్లు తెలియవు, ఫైలూ పెద్దగా పెరగదు. 32 అంగుళాల టీవీ ఉన్న ఇంటికి మంచి 1080పి ప్రతి చాలు. అందుకు మొహమాటపడనక్కర్లేదు.

తెర పైనా కిందా ఉండే నల్లపట్టీలను కోసేస్తే బోలెడు జాగా మిగులుతుందనేది ఇంకో భ్రమ. కదలని నలుపు దాదాపు ఉచితం. అల్లూరి సీతారామరాజు 1974లో తెచ్చిన సినిమాస్కోప్ ఆకారాన్ని ఫైలులో ఆ పట్టీలతో ఉంచినా, కోసినా సైజులో తేడా నామమాత్రం.

ఇక కుదించవలసినవి ఏవి? ఓటీటీలో ఉన్నవి, డిస్కు చేతిలో ఉన్నవి, ఒకసారి చూసి వదిలేసేవి. వీటికి హెచ్.265లో 1080పి, మూడు నుంచి ఆరు మెగాబిట్లు ధారాళం. కుదించకూడనివి ఇప్పుడెక్కడా దొరకని వీసీడీలు, డీవీడీలు. వాటి బొమ్మ ఇప్పటికే ఒకసారి నలిగింది, రెండోసారి కుదిస్తే మొదటి కుదింపు మచ్చలను కూడా వివరాలనుకుని జాగా పెట్టి మరీ దాస్తుంది. ఒక వీసీడీ సినిమా మొత్తం రెండు గిగాబైట్ల లోపే. ఇవాళ్టి డిస్కుల్లో అది లెక్కలోకి రాదు. డిస్కును ఉన్నదున్నట్టు నకలు చేసి పెట్టుకోవడమే పని.

ఇది ఛాదస్తంగా అనిపించవచ్చు. కానీ 1932లో హెచ్.ఎం. రెడ్డి తీసిన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద ప్రతి ఇవాళ ఎక్కడా లేదు. పుణెలో 2003 జనవరి 8న జరిగిన అగ్నిప్రమాదంలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు చెందిన పాత నైట్రేట్ ప్రతులు కాలిపోయాయి. సినిమాల పరిరక్షణ మీద ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ 2019 డిసెంబరులో హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోస్‌లో వారంపాటు శిక్షణ ఇచ్చేనాటికి తెలుగు సినిమా వయసు ఎనభై ఏడేళ్లు.

శబ్దం, అక్షరాలు

సైజు తగ్గించేటప్పుడు అందరూ బొమ్మ వైపే చూస్తారు. నష్టంలేని అట్మాస్ శబ్దం సెకనుకు సగటున 4 మెగాబిట్లనుకుంటే ఆర్ఆర్ఆర్‌కు అదొక్కటే ఐదున్నర గిగాబైట్లు, అంటే కుదించిన 1080పి బొమ్మంత. టీవీ స్పీకర్లలోనే వినే ఇంట్లో దాన్ని ఉంచుకోవడం దండగ. 640 కిలోబిట్ల డాల్బీ 5.1 అయితే 874 మెగాబైట్లు, రెండు చానళ్ల ఏఏసీ 160 కిలోబిట్లలో 218 మెగాబైట్లు. ఐదు భాషల డబ్బింగులు కలిసి వచ్చిన ఫైల్లో ఇంట్లో మాట్లాడని మూడింటిని తీసేస్తే బొమ్మను ముట్టుకోకుండానే గిగాబైట్లు మిగులుతాయి.

యూరప్, ఇండియా పద్ధతిలో వచ్చిన డీవీడీల్లో 24 ఫ్రేముల సినిమాను 25కు పరిగెత్తిస్తారు. మూడు గంటల సినిమా ఏడు నిమిషాలు తగ్గి, ఘంటసాల గొంతు ఇంచుక సన్నబడుతుంది. అమెరికా తెలుగువారి కోసం వచ్చిన డిస్కుల్లో వేగం సరిగ్గానే ఉన్నా ఫ్రేములను ముక్కలు చేసి అతికిస్తారు. వాటిని సరిచేయకుండా కుదిస్తే అంచుల్లో దువ్వెన పళ్లలాంటి గీతలు శాశ్వతంగా ఉండిపోతాయి.

తెలుగు ఉపశీర్షికలను యూనికోడ్ యూటీఎఫ్-8లో భద్రపరచకపోతే టీవీలో ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. కొన్ని టీవీలు సరైన ఫైలు ఇచ్చినా ఒత్తులను విడదీసి పక్కన పడేస్తాయి. ఎంకేవీ ఫైల్లో బొమ్మ, శబ్దాలు, ఉపశీర్షికలు అన్నీ ఒకచోట ఇముడుతాయి. ఎంపీ4లో కొన్ని రకాలు ఇమడవు గానీ అది ఆడని పరికరం ఉండదు.

పెట్టుకునే చోటు

"నా పెన్‌డ్రైవ్‌లో జాగా ఉంది, సినిమా మాత్రం ఎక్కడం లేదు" అనే ఫిర్యాదు ప్రతి సెల్ దుకాణంలోనూ వినిపిస్తుంది. కారణం ఫ్యాట్32 అమరిక. 4 గిగాబైట్లకు మించిన ఒక్క ఫైలునూ అది తీసుకోదు. ఎక్స్‌ఫ్యాట్‌లోకి మారిస్తే సరిపోతుంది. మార్చేముందు లోపలివి వేరేచోటికి తీసిపెట్టుకోవాలి, అన్నీ చెరిగిపోతాయి.

పెన్‌డ్రైవ్ చూడడానికే, దాచడానికి కాదు. ఎస్ఎస్‌డీ వేగంగా పనిచేసినా కరెంటు తగలకుండా ఏళ్లకేళ్లు మూలన పడేస్తే అందులోని చార్జి జారిపోవచ్చు. గిగాబైటుకు ధర చూసినా, నిల్వకాలం చూసినా సినిమాలకు ఇంకా హార్డ్ డిస్కే తగినది. దాని శత్రువులు వేడి, కుదుపు, ఉన్నట్టుండి పోయే కరెంటు. ఖమ్మం–కొత్తగూడెం వైపు ఎండలు 45 డిగ్రీలు దాటుతాయి. రేకుల ఇంట్లో టీవీ వెనక, గాలి ఆడని సందులో డిస్కు రోజంతా తిరగడం దాని ఆయుష్షుకు మంచిది కాదు. చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుకోవడం డేటా తిరిగి తీయించడానికయ్యే ఖర్చుతో పోలిస్తే ఏమాత్రం కాదు.

రెండు డిస్కులను జతకట్టి ఒకదాని నకలు రెండోదానిలో ఉంచే రెయిడ్ పద్ధతి డిస్కు చెడితే కాపాడుతుంది. పొరపాటున చెరిపేస్తే రెండింట్లోనూ చెరిపేస్తుంది. అందుకే మూడు ప్రతులు, రెండు రకాల పరికరాలు, ఒకటి వేరే ఊళ్లో అన్న సూత్రం వచ్చింది. వేరే ఊరు ఎందుకని అడిగేవారికి 2024 సెప్టెంబరు 1 గుర్తుంటే చాలు. ఆ వానలకు ఖమ్మంలో మున్నేరు ఇళ్లలోకి వచ్చింది, కేసముద్రం–ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. అసలూ నకలూ ఒకే బీరువాలో ఉన్న ఇంట్లో రెండూ ఒకేసారి తడిశాయి. గార్లలో ఉన్నవాళ్లు ఒక ప్రతిని హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడి దగ్గరో వరంగల్‌లో ఉన్న అక్క దగ్గరో పెట్టి, ఏడాదికోసారి పండక్కి వచ్చినప్పుడు ఒకసారి తిప్పి చూసుకుంటే చాలు. ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ అనే సరిచూపు సంఖ్యను రాసి ఉంచుకుంటే ఒక్క బిట్ మారినా ఆ పరీక్షలో బయటపడుతుంది.

ఇంట్లో అందరూ అన్ని గదుల్లో చూసుకోవాలంటే పాత కంప్యూటరులో జెల్లీఫిన్, ప్లెక్స్ వంటి మీడియా సర్వర్ సాఫ్ట్‌వేర్ వేసుకోవచ్చు. జెల్లీఫిన్ పూర్తిగా ఉచితం, 2018లో ఎంబీ అనే సాఫ్ట్‌వేర్ నుంచి విడివడింది. టీవీకి అర్థమయ్యే కోడెక్‌లో ఫైలు ఉంటే సర్వర్ పని సున్నా. అర్థంకాకపోతే అప్పటికప్పుడు మార్చి పంపాలి, అక్కడే పాత యంత్రం ఫ్యాను విమానంలా మోగుతుంది. ఏవీ1లో కుదించి మురిసిపోయినవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడ.

పెళ్లి క్యాసెట్లు

ప్రపంచంలో మరో ప్రతి లేని సినిమా ఒకటి దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. పెళ్లి వీడియో. ఆర్ఆర్ఆర్ రేపు ఎక్కడైనా దొరుకుతుంది; 1994లో తండాలో జరిగిన పెళ్లి, ఇప్పుడు లేని తాత నవ్వు, ఆడవాళ్లు లంబాడాల భాష గోర్ బోలిలో పాడిన పాటలు ఎక్కడా దొరకవు. వీహెచ్ఎస్ టేపు మీది అయస్కాంత పూత రాలిపోతోంది, ఆడించే వీసీఆర్‌లు చెడితే బాగుచేసేవాళ్లు తగ్గిపోతున్నారు. దాన్ని కంప్యూటరులోకి తెచ్చేటప్పుడు తక్కువ సైజు కోసం చూడకూడదు. ఉన్నది మినీడీవీ టేపు అయితే అందులో వీడియో సెకనుకు 25 మెగాబిట్లు, శబ్దం తదితరాలు కలిపి గంటకు 13 గిగాబైట్లు. ఆ ధారను అలాగే దింపి ఉంచాలి. చుట్టాలకు వాట్సాప్‌లో పంపడానికి కావాలంటే చిన్న ప్రతి విడిగా చేసుకోవచ్చు. దుకాణాల్లో మాత్రం తరచూ టేపును నేరుగా చిన్న ఎంపీ4గా మార్చి, క్యాసెట్టు పారేయమని సలహా ఇస్తుంటారు. ఆ సలహా వినకూడదు.

చట్టం

సినిమా హాల్లో ఫోన్ పెట్టి రికార్డు చేయడం 2023 నాటి సినిమాటోగ్రాఫ్ సవరణ ప్రకారం మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, కనీసం మూడు లక్షల జరిమానా పడే నేరం. అలాంటి ప్రతిని సేకరణగా లెక్కించనక్కర్లేదు. బొమ్మ పరంగా చూసినా అది చెత్తే. కొన్న డిస్కును సొంత వాడకానికి నకలు తీసుకోవడం దగ్గర చట్టం ఇంత సూటిగా లేదు. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ 2012 సవరణ తర్వాత సొంత వాడకం కోసం న్యాయమైన వినియోగాన్ని సినిమాలకూ వర్తింపజేసింది. అదే సవరణతో వచ్చిన 65ఎ సెక్షన్, హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో డిస్కు తాళాన్ని పగలగొడితే రెండేళ్ల దాకా శిక్ష అంది. నకలు చేసి అమ్మితే, పంచితే ఏ మినహాయింపూ కాపాడదు.

సినిమా మీద కాపీరైట్ విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు నుంచి 60 ఏళ్లు. మాయాబజార్‌కు అది 2017 చివరితో ముగిసింది, కృష్ణ కథానాయకుడిగా పరిచయమైన 1965 నాటి తేనె మనసులుకు 2025 డిసెంబరు 31తో. అంతమాత్రాన ఆ సినిమాలోని అన్నీ స్వేచ్ఛగా వాడుకోవచ్చని కాదు. కథకు, పాటకు, బాణీకి హక్కు వేరు, అది రచయిత మరణించాక 60 ఏళ్ల దాకా సాగుతుంది. గార్ల ఉన్న ఈ మహబూబాబాద్ జిల్లాలోనే చిన్నగూడూరులో పుట్టిన దాశరథి 1961 నాటి ఇద్దరు మిత్రులుకు పాటలు రాశారు. సినిమాగా దాని కాపీరైట్ 2021తో ముగిసింది. దాశరథి 1987 నవంబరులో మరణించారు కాబట్టి అందులో ఆయన రాసిన పాటలకు 2047 చివరిదాకా హక్కు నడుస్తుంది.